మంచం పక్కన పెట్టే మిషన్‌కు ఏ పాలసీ పైసలిస్తుంది?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. నేను హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో పని చేస్తున్నాను. అమ్మానాయినలకు నేనొక్కదాన్నే. నాయినకు 71 ఏళ్లు. ముప్పై ఎనిమిదేళ్లు రైసు మిల్లులో పని చేశాడు. ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి, సీఓపీడీ అన్నారు. మొన్న చలికాలంలో తొమ్మిది రోజులు దవాఖానలో ఉన్నాడు. ఇంటికి పంపేటప్పుడు రోజుకు పదహారు గంటలు ఆక్సిజన్ పెట్టాలని రాసిచ్చారు. కాన్సంట్రేటర్ (గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే మిషన్) ఇప్పటికి కిరాయికి తెచ్చాం, కొనాలంటే 50 వేలంటున్నారు. మా ఆఫీసు గ్రూపు పాలసీలో ఇద్దరికీ కలిపి 3 లక్షలుంది. దవాఖాన బిల్లు 1,64,000 అయితే పాలసీ నుంచి 1,27,000 వచ్చాయి, మిగతాది మేమే కట్టాం. మిషన్ కిరాయికి పెట్టిన క్లెయిమ్ తిప్పి పంపారు. అమ్మకు 66. మర్రిగూడ దిక్కు పుట్టి, ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగింది. నడుము, మోకాళ్లు పట్టేసి వాకర్ లేకుండా నడవలేదు. ఇద్దరి పేరున తెల్ల రేషన్ కార్డు ఉంది. ఒక ఏజెంటు వచ్చి 10 లక్షల సూపర్ టాపప్ (ఉన్న పాలసీ సరిపోనప్పుడు పైఖర్చు ఇచ్చే పాలసీ) తీసుకోండి, ఇద్దరికీ కలిపి ఏడాదికి 28 వేలు, కన్స్యూమబుల్స్ రైడర్ (చిల్లర సామాన్ల ఖర్చుకు పాలసీకి అదనంగా చేర్చే కవర్) పెడితే మిషన్ల పైసలు కూడా వస్తాయి అంటున్నాడు. నాయిన ఇంట్లో ఆక్సిజన్ మీద ఉన్నట్టు మాత్రం ఫారంలో రాయొద్దంటున్నాడు. తీసుకోమంటారా? పరికరాలకు కూడా డబ్బులిచ్చే పాలసీ ఏది?
– ఒక కూతురు, మిర్యాలగూడ

సమాధానం:

అమ్మా, ఆ ఫారం మీద ఇంకా సంతకం పెట్టకపోతే పెట్టకండి. పెట్టేసి ఉన్నా గాబరా పడకండి. పాలసీ కాగితం చేతికి వచ్చిన రోజు నుంచి 30 రోజుల్లోపు వద్దని రాసిస్తే, చిన్నపాటి ఖర్చులు పట్టుకొని మిగతా ప్రీమియం వాపసు ఇస్తారు. దీన్ని ఫ్రీ లుక్ పీరియడ్ అంటారు.

మీ ప్రశ్నకు నా జవాబు ఇది. మీ నాయిన మిషన్ కోసం పాలసీ కొనకండి. మిషన్‌కు పైసలు వేరుగా సమకూర్చుకోవాలి, పాలసీతో చేయించుకోవాల్సిన పని వేరు. ఈ రెండూ ఒకటే అనుకొని నష్టపోయిన ఇళ్లు చాలా చూశాను. నల్లగొండలో ఒక బీమా ఆఫీసులో ఇరవై తొమ్మిదేళ్లు క్లెయిమ్ కాగితాలు చూసే పని చేసి రిటైరయ్యాను కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను, ఓపికగా చదవండి.

మన దగ్గర హెల్త్ పాలసీ అంటే ప్రధానంగా దవాఖానలో చేరినప్పుడు అయ్యే ఖర్చుకే. పరికరాల విషయంలో ఒక్క గీత గుర్తు పెట్టుకుంటే చాలు. ఒంట్లో పెట్టేదానికి పైసలొస్తాయి, ఒంటి బయట ఉండేదానికి మామూలుగా రావు. గుండెకు పెట్టే పేస్‌మేకర్, రక్తనాళంలో స్టెంట్, మోకాలి మార్పిడిలో పెట్టే కృత్రిమ కీలు, కంట్లో లెన్సు ఆపరేషన్‌లో భాగం. పాలసీలో రాసిన పరిమితి దాకా ఇస్తారు. అదే మనిషి ఇంటికి వచ్చాక ఆనుకునే వాకర్, కూర్చునే వీల్‌చైర్, చెవికి పెట్టుకునే మిషన్, శ్వాసకు సాయంగా ముఖానికి కట్టుకునే బైపాప్ మిషన్, మీ ఇంట్లో మంచం పక్కన ఉన్న కాన్సంట్రేటర్ గీతకు అవతల ఉన్నాయి.

బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ తయారుచేసిన 68 వస్తువుల జాబితా ఒకటుంది. పాలసీలో ప్రత్యేకంగా ఇస్తామని రాస్తే తప్ప వాటికి డబ్బులు రావు. మీ పాలసీ పుస్తకం చివరి పేజీల్లో ఉంటుంది, తీసి చూడండి. నెబులైజేషన్ కిట్, ఆక్సిజన్ మాస్కు, స్పేసర్, గ్లవ్స్, థర్మామీటర్, షుగర్ చూసే గ్లూకోమీటర్, దాని స్ట్రిప్పులు, డైపర్లు, నడుం బెల్టు, మోకాలి బ్రేసు, ఎయిర్ బెడ్డు, నడకకు సాయపడే పరికరాలు, దవాఖాన బయట వాడే ఆక్సిజన్ సిలిండర్. చదువుతుంటే మీ నాయిన డిశ్చార్జి రోజు చేతికొచ్చిన బిల్లునే మళ్లీ చదువుతున్నట్టు ఉంటుంది.

ఏజెంటు చెప్పిన కన్స్యూమబుల్స్ రైడర్ ఈ జాబితా కోసమే వచ్చింది. అది చెడ్డదని అనను. దవాఖానలో ఉన్నన్ని రోజులు వాడిన గ్లవ్సు, మాస్కు, కిట్ల ఖర్చు దాంతో వస్తుంది. సీఓపీడీ మనిషి పది రోజులు ఐసీయూలో ఉంటే వీటికే వేలల్లో అవుతుంది. కానీ డిశ్చార్జి కాగితం మీద సంతకం పడ్డాక ఆ రైడర్ పని అయిపోయినట్టే. ఇంట్లో మిషన్‌కు అది ఇవ్వదు. ఏజెంటు ఇస్తుందంటే, ఏ క్లాజులో ఉందో మెయిల్‌లో రాసి పంపమనండి. నోటిమాట మీద నడవకండి.

పరికరాలకు ఇచ్చే పాలసీలు అసలే లేవా అంటే, ఈమధ్య కొన్ని కంపెనీలు ‘డ్యూరబుల్ మెడికల్ ఎక్విప్‌మెంట్’ పేరుతో ఒక కవర్ ఇస్తున్నాయి. దానిమీద ఆశ పెట్టుకునే ముందు నాలుగు సంగతులు అడగాలి. పరికరాల జాబితాలో మీకు కావాల్సింది పేరుతో సహా ఉందా, ఎంత మొత్తం వరకు ఇస్తారు, కిరాయికి ఇస్తారా కొనుక్కుంటేనే ఇస్తారా, ముందునుంచీ ఉన్న జబ్బు కోసం వాడే పరికరమైతే ఎన్నేళ్లు ఆగాలి. ఈ నాలుగోదే మీ నాయిన దగ్గర అడ్డం పడుతుంది. ముందే ఉన్న జబ్బుకు కంపెనీలు గరిష్ఠంగా 36 నెలల వెయిటింగ్ పీరియడ్ పెట్టుకోవచ్చు. ఆయనకు మిషన్ కావాల్సింది ఇవాళ రాత్రికి.

ఇక ‘ఇంటి దగ్గర చికిత్స’ అని పాలసీల్లో పెద్దక్షరాల్లో కనిపించే డామిసిలియరీ కవర్ సంగతి చెప్పాలి. దీని దగ్గర మా ఇంట్లోనే దెబ్బతిన్నాం. మా అన్న దేవరకొండలో ఉండేవాడు. మీ నాయిన జబ్బే. ఒక కంపెనీ పాలసీ ఉండె. దవాఖాన నుంచి వచ్చాక ఆక్సిజన్ మిషన్, సిలిండర్ల బిల్లులన్నీ గుండుసూదితో గుచ్చి, ఆ కవర్ కింద క్లెయిమ్ పెట్టాం. పెట్టమని చెప్పింది నేనే. ఇరవై రెండు రోజులకు తిరస్కరిస్తూ ఉత్తరం వచ్చింది. ఆ క్లాజు కింద చిన్న అక్షరాల్లో ఉబ్బసం, బ్రాంకైటిస్, షుగరు, బీపీ, కీళ్లనొప్పుల లాంటి వాటికి ఈ కవర్ వర్తించదని వరసగా రాసి ఉంది. మా అన్న కాగితాల్లో డాక్టరు రాసింది క్రానిక్ బ్రాంకైటిస్ అనే. చాలా పాలసీల్లో ఆ వరస ఇప్పటికీ ఉంది. పైగా ఆ కవర్ రావాలంటే రోగి కదల్చలేని స్థితిలో ఉండాలి, లేదా దవాఖానలో బెడ్డు దొరకని పరిస్థితి ఉండాలి. అన్న ఏమీ అనలేదు. ‘పోనీ తమ్మీ’ అని ఆ కాగితం మడిచి దిండు కింద పెట్టుకున్నాడు. ఆ రోజు నుంచి ఎవరు పాలసీ తెచ్చి చూపించినా మొదట వెనక పేజీలే తెరుస్తాను.

ఫారంలో ఆక్సిజన్ సంగతి రాయొద్దన్న మాటకు వస్తాను. ఇది మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. మొదటిసారి దవాఖానలో చేరిన రోజే డాక్టరు కేస్‌షీట్‌లో ‘ఫలానా నెల నుంచి ఇంట్లో ఆక్సిజన్ వాడుతున్నాడు’ అని రాస్తాడు. రాయకుండా ఉండడు, ఉండకూడదు కూడా. ఆ ఒక్క వాక్యంతో క్లెయిమ్ పోతుంది, పాలసీ రద్దయ్యే ప్రమాదమూ ఉంది. అయిదేళ్లు, అంటే 60 నెలలు వరుసగా ప్రీమియం కట్టిన పాలసీని తర్వాత జబ్బు దాచారన్న పేరుతో ప్రశ్నించకూడదని నిబంధన ఉంది. కానీ మోసం అని రుజువైతే అది కాపాడదు. అయినా 71 ఏళ్ల మనిషి విషయంలో అయిదేళ్లు దవాఖాన గడప తొక్కకుండా గడుస్తాయన్న లెక్క మీద 28 వేలు కట్టడం ఎట్లా?

నిజం రాస్తే పాలసీ ఇస్తారా అని మీరు అడుగుతారు. 2024 ఏప్రిల్ నుంచి 65 దాటినవాళ్లకు కొత్త పాలసీ ఇవ్వకూడదన్న వయసు గీత తీసేశారు. అంటే ఎవరైనా అడగవచ్చు. ఇచ్చి తీరాలని మాత్రం కాదు. ఇంట్లో ఆక్సిజన్ మీద ఉన్న మనిషికి చాలా కంపెనీలు ఇవ్వవు. ఇవ్వకపోతే కారణం రాతలో ఇవ్వమని అడగండి. ఇదంతా తెలిసే ఏజెంటు రాయొద్దంటున్నాడు.

మరి మీ నాయినకు ఆసరా ఏమిటి? మీ చేతిలో ఇప్పటికే ఉన్నవి తక్కువేమీ కావు, వాటిని సరిగ్గా వాడుకోవాలి.

మొదట ఆఫీసు పాలసీ. గ్రూపు పాలసీల్లో సాధారణంగా ముందే ఉన్న జబ్బుకు మొదటి రోజు నుంచే కవర్ ఉంటుంది. బయట పైసలు పెట్టినా మీ నాయినకు ఇప్పుడు దొరకనిది అదే. కాబట్టి దాని లోతు తెలుసుకోండి. బిల్లులో తగ్గిన 37 వేలు ఏ ఏ పద్దుల్లో పోయాయో సెటిల్‌మెంట్ లెటర్ అడిగి తీసుకోండి. తల్లిదండ్రులకు కో-పే ఉందేమో చూడండి. 20 శాతం కో-పే ఉంటే లక్ష రూపాయల ఆమోదిత బిల్లులో 20 వేలు మీవే. గది అద్దె పరిమితి చూడండి. రోజుకు 3,000 పరిమితి ఉన్నప్పుడు 4,500 గది తీసుకుంటే గది అద్దె ఒక్కటే కాదు, డాక్టరు ఫీజు, నర్సింగ్ చార్జీలు కూడా మూడింట రెండు వంతులకు తగ్గించి లెక్కకడతారు. మందులు, పరీక్షలు, ఒంట్లో పెట్టే ఇంప్లాంట్ల ఖర్చును ఆ పేరుతో కోయకూడదు. కోశారేమో చూసుకోండి. కోసి ఉంటే తిరిగి అడిగే హక్కు మీది.

అట్లాగే హెచ్ఆర్ వాళ్లను ఒక మాట అడగండి: ‘ఉద్యోగులు సొంత డబ్బుతో తీసుకునే గ్రూపు టాపప్ ఉందా?’ అని. కొన్ని ఆఫీసుల్లో ఏడాదికి ఒకసారి, రెన్యువల్ నెలలో ఆ అవకాశం ఇస్తారు. ఉద్యోగుల గ్రూపు కాబట్టి పాత జబ్బులకు వెయిటింగ్ లేకుండా దొరికే అవకాశం ఎక్కువ. మీ ఇంటికి బయటి సూపర్ టాపప్ కన్నా అదే మేలు. ఉద్యోగం మారాల్సి వస్తే కూడా, మానేసే ముందే అదే కంపెనీలో సొంత పాలసీకి మారే అవకాశం, అంటే మైగ్రేషన్, అడగండి. అప్పటిదాకా గడిచిన కాలం వెయిటింగ్‌లో కలిసొస్తుంది. మానేశాక అడిగితే ఆ దారి మూసుకుపోతుంది.

రెండోది ఆరోగ్యశ్రీ. మన ఉమ్మడి పాలమూరు జిల్లాలోనే, 2007 ఏప్రిల్‌లో అనంతపురం, శ్రీకాకుళంతో పాటు మొదటగా మొదలైన పథకం. ఇప్పుడు తెలంగాణలో కుటుంబానికి ఏడాదికి 10 లక్షల దాకా ఉంది, 2023 డిసెంబర్ 9న పెంచారు. మీరు 28 వేలు కట్టి కొందామనుకుంటున్న 10 లక్షలు ఆ తెల్ల కార్డు మీద ఇప్పటికే ఉన్నాయి. అన్ని జబ్బులకూ, అన్ని దవాఖానల్లోనూ కాదు, నిజమే. అందుకే ముందుగా, జబ్బు లేని రోజున, ఒక పని చేయండి. మీ నాయినను చూపించే దవాఖానలో ఆరోగ్యశ్రీ కౌంటర్ దగ్గర ఆరోగ్యమిత్ర ఉంటారు. డిశ్చార్జి సమ్మరీ చూపించి, ‘ఈ జబ్బు మళ్లీ ముదిరి, శ్వాస అందక తీసుకొస్తే ఏ ప్యాకేజీ కింద చేర్చుకుంటారు, ఇక్కడ చేర్చుకుంటారా, నల్లగొండ పెద్దదవాఖానకు పొమ్మంటారా?’ అని అడిగి రాసుకోండి. 104కు ఫోన్ చేసినా చెబుతారు. అర్ధరాత్రి ఆటోలో మనిషి రొప్పుతున్నప్పుడు అడిగే ప్రశ్న కాదది.

మూడోది, మీ నాయినకు 70 దాటాయి కాబట్టి ఆయుష్మాన్ వయ వందన కార్డు. 2024 అక్టోబర్ 29న మొదలైంది. 70 నిండినవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల దాకా చికిత్స. ప్రైవేటు పాలసీ ఉన్నవాళ్లు కూడా తీసుకోవచ్చు. ఆధార్ ఉంటే ఆయుష్మాన్ యాప్‌లో నమోదవుతుంది. వివరాలకు 14555. కార్డు తీసుకొని పెట్టుకోండి, మీరు వెళ్లే దవాఖాన దాన్ని తీసుకుంటుందో లేదో మాత్రం ముందే కనుక్కోండి.

ఇవేవీ ఇంటికి కాన్సంట్రేటర్ పంపవు. అవి దవాఖాన ఖర్చుకే. అందుకే మళ్లీ చెబుతున్నాను, మిషన్ పైసలు విడిగా చూసుకోవాలి.

సూపర్ టాపప్ గురించి ఏజెంటు చెప్పింది ఒక విషయంలో సరైనదే. మామూలు టాపప్‌కు, సూపర్ టాపప్‌కు తేడా సీఓపీడీ లాంటి జబ్బులోనే బాగా తెలుస్తుంది. ఈ జబ్బు మనిషిని ఒకేసారి పడేయదు, ఏడాదిలో రెండు మూడుసార్లు దవాఖానకు తిప్పుతుంది. డిడక్టబుల్, అంటే టాపప్ ఇవ్వడం మొదలుపెట్టే ముందు మనమో వేరే పాలసీయో భరించాల్సిన మొత్తం, 3 లక్షలు అనుకోండి. ఒకే ఏడాది మూడుసార్లు, ఒక్కోసారి 2 లక్షల బిల్లు అయిందనుకోండి. మామూలు టాపప్ ఏ బిల్లుకాబిల్లు విడిగా చూస్తుంది. ఒక్కటీ 3 లక్షలు దాటలేదు కాబట్టి పైసా ఇవ్వదు. సూపర్ టాపప్ ఏడాది మొత్తం కలిపి 6 లక్షలుగా చూస్తుంది. మొదటి 3 లక్షలు మీ ఆఫీసు పాలసీ నుంచి పోతే, మిగతా 3 లక్షలు అది ఇస్తుంది. పెద్దవాళ్లున్న ఇంటికి ఎప్పుడైనా సూపర్ టాపపే తీసుకోవాలి. కానీ మీ నాయిన జబ్బుకు మొదటి మూడేళ్లు అది వర్తించకపోవచ్చు, అసలు ఇవ్వనే ఇవ్వకపోవచ్చు. ఆ 28 వేలలో ఎక్కువ భాగం ఆయన వయసుకు పడుతున్న ప్రీమియమే.

అందుకని నా సలహా, ఆ పాలసీ మీ అమ్మ ఒక్కరి పేరున అడగండి. ఉత్తరంలో ఆమె గురించి మీరు నాలుగు ముక్కలే రాశారు. ఇంట్లో ఒకరికి పెద్ద జబ్బు ఉంటే రెండోవాళ్ల నొప్పులు ఎవరికీ పట్టవు. బీమా లెక్కలో చూస్తే మీ ఇంట్లో పాలసీ ఇంకా దొరికే మనిషి ఆమే. మోకాళ్లు, నడుము, ఫ్లోరోసిస్ అన్నీ ఫారంలో రాయండి. మోకాలి మార్పిడి లాంటి వాటికి రెండు మూడేళ్లు ఆగాల్సి రావచ్చు, పరవాలేదు. వాకర్ మీద నడిచే మనిషికి అసలు భయం జారిపడటం. ప్రమాదం వల్ల అయ్యే చికిత్సకు పాలసీ మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయితే ఒక్కసారికే ఆఫీసు పాలసీలో పెద్ద వాటా కరిగిపోతుంది. ఆ 3 లక్షలు ఇద్దరికీ కలిపి ఉన్నవని మరచిపోకండి.

ప్రీమియం ఏటేటా పెరుగుతుందన్న భయమూ ఉంటుంది. 60 దాటినవాళ్లకు ఏడాదికి 10 శాతం మించి పెంచాలంటే కంపెనీలు ముందుగా ఐఆర్‌డీఏఐతో సంప్రదించాలని 2025 జనవరిలో ఆదేశం వచ్చింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి సొంత హెల్త్ పాలసీల మీద 18 శాతం జీఎస్టీ కూడా ఎత్తేశారు. ఏజెంటు ఇచ్చిన కొటేషన్‌లో ఆ పన్ను ఇంకా కలిపి ఉందేమో చూడండి.

అమ్మ పరికరాలకు ఇంకో దారి ఉంది. కేంద్రం 2017లో తెచ్చిన రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద 60 దాటిన, పేదరేఖకు దిగువన ఉన్న లేదా నెలకు 15 వేలకు మించని ఆదాయం ఉన్న పెద్దలకు వాకర్లు, చేతికర్రలు, వీల్‌చైర్లు, వినికిడి మిషన్లు, మోకాలి బ్రేసులు, నడుం బెల్టులు ఉచితంగా ఇస్తారు. కాన్పూర్‌లోని అలింకో సంస్థ తయారుచేస్తుంది. క్యాంపులు పెట్టి కొలతలు తీసుకొని ఇస్తారు. క్యాంపు ఎప్పుడో జిల్లా సంక్షేమ శాఖలో, వయోవృద్ధుల విభాగంలో అడగండి. పెద్దవాళ్ల హెల్ప్‌లైన్ 14567కు చేసినా చెబుతారు. అమ్మకు ఫ్లోరోసిస్ వల్ల వచ్చిన వంపు, పట్టేయడం ఎక్కువగా ఉంటే వైకల్య ధ్రువపత్రం కోసం కూడా చూపించండి. 40 శాతం, ఆ పైన తేలితే పరికరాలకు, పింఛనుకు దారి తెరుచుకుంటుంది. వృద్ధాప్య పింఛను 2,016, దివ్యాంగులది 4,016. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి దిక్కు నడుము వంగిన పెద్దవాళ్లు ‘ఇది మా నీళ్ల రాత’ అని ఊరుకోవడం చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. అది రాత కాదమ్మా, జబ్బు. కాగితం మీద ఎక్కాలి.

ఇక మిషన్. అది ఇప్పుడే కొనకండి. దవాఖాన నుంచి వచ్చేటప్పుడు రాసిన ఆక్సిజన్ కొందరికి రెండు మూడు నెలల్లో అవసరం తగ్గుతుంది. అందుకే 60 నుంచి 90 రోజుల మధ్య మళ్లీ పరీక్ష చేసి, ఇంకా కావాలా, ఎన్ని లీటర్లు కావాలి అని చూడాలి. ఆ రిపోర్టు వచ్చేదాకా కిరాయి మిషనే నయం. కావాలని తేలితే అప్పుడు 50 వేలు పెట్టండి. ఏజెంటుకు కట్టకుండా మిగిలిన దాంట్లో అమ్మ పాలసీకి పోగా ఉన్నదంతా దీనికే పక్కన పెట్టండి. సెకండ్ హ్యాండ్ దొరికితే వెనక ఎన్ని గంటలు నడిచిందో చూపే మీటర్ ఉంటుంది, చూడండి. ఆక్సిజన్ స్వచ్ఛత పరీక్ష చేసి చూపించమనండి. బిల్లు మీ నాయిన పేరు మీదే, మిషన్ సీరియల్ నంబరుతో తీసుకోండి, డాక్టరు చీటీతో కలిపి దాచండి. ఎప్పుడైనా, ఎక్కడైనా క్లెయిమ్ పెట్టాలంటే ఆ రెండు కాగితాలే అడుగుతారు.

కరెంటు లెక్క చాలామందికి తట్టదు. అయిదు లీటర్ల కాన్సంట్రేటర్ సుమారు 350 వాట్లు తీసుకుంటుంది. పదహారు గంటలు నడిస్తే రోజుకు అయిదున్నర యూనిట్ల పైన, నెలకు 170 దాకా. మీ ఇంటికి గృహజ్యోతి కింద జీరో బిల్లు వస్తుంటే, ఫ్యాను, ఫ్రిజ్జు, బోరు మోటారు కలిసి 200 యూనిట్లు దాటగానే ఆ నెల బిల్లు మొత్తం కట్టాల్సిందే. దానికి భయపడి మీ నాయిన మిషన్ ఆపేస్తాడు. మా అన్న అదే చేశాడు. మీటర్ కేసి చూసి, ‘ఇప్పుడు బాగానే ఉంది’ అని స్విచ్ ఆపేవాడు. నెల నెలా ఆ బిల్లు నేను కడతానని ఇప్పుడే చెప్పండి, ఆయన వినేలా చెప్పండి.

ఒక నిండు సిలిండర్ ఇంట్లో ఉంచండి. ఎండాకాలం గాలివాన వచ్చిన రాత్రి దేవరకొండలో నాలుగు గంటలు కరెంటు లేదు. అన్న ఇంట్లో సిలిండర్ ఉంది, అందులో గాలి లేదు. వదిన తాటాకు విసనకర్రతో విసురుతూ కూర్చుంది. వారానికోసారి సిలిండర్ మీది గేజీ చూడటం ఎవరి పనో ఇంట్లో తేల్చుకోండి. మిషన్ ఫిల్టరు కూడా వారానికోసారి తీసి కడిగి, పూర్తిగా ఆరాక పెట్టాలి. వడ్ల సీజన్‌లో మిర్యాలగూడ గాలిలో ఉండే దుమ్ముకు వారంలో రెండుసార్లు కడిగినా ఎక్కువేమీ కాదు. దీపం, అగరబత్తి, గ్యాస్ పొయ్యి, బీడీ ఆ గదిలో వద్దు. ఆక్సిజన్ దగ్గర నిప్పురవ్వ చాలు.

కిరాయి క్లెయిమ్ తిరస్కరించిన ఉత్తరం మీద పోరాడమని నేను చెప్పను, మీ పాలసీలో ఆ కవర్ లేకపోతే అక్కడ గెలవలేరు. ఆ 37 వేలలో తప్పుగా కోసింది ఉంటే మాత్రం వదలకండి. ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు (బీమా తగాదాలు తీర్చే అధికారికి) పెట్టుకోవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. ఏడాది దాటనివ్వకండి. ఐఆర్‌డీఏఐ బీమా భరోసా నంబరు 155255, తెలుగులో మాట్లాడతారు.

ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు అమ్మ వాకర్‌ను తలకిందులుగా తిప్పి కాళ్ల చివర్లు చూడండి. రబ్బరు బుడిపెలు అరిగిపోయి ఉంటే తడి గచ్చు మీద జారుతుంది. మెడికల్ షాపుల్లో విడిగా దొరుకుతాయి, తక్కువ ఖర్చు. నాలుగూ ఒకేసారి మార్చండి. నాయిన పరీక్ష రిపోర్టు, ఆఫీసు పాలసీ సెటిల్‌మెంట్ లెటర్ వచ్చాక మళ్లీ రాయండి, పద్దులన్నీ కూర్చొని చూస్తాను.